దెయ్యం వేయని తాళం

మధ్యాహ్నం గంట కొట్టేసరికి కథలక్క చేతులు మోచేతుల దాకా జిగురే. అంటించాల్సిన అట్టపెట్టెలు ఇంకా నిలువెత్తున పేర్చి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే వారపత్రిక ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మని. సగం రోజు కూలి కోస్తానని సూపర్‌వైజర్ గొణుగుతున్నా వినిపించుకోకుండా కార్ఖానా గేటు దాటింది.

కథలక్క అన్న పేరు తోటి ఆడవాళ్ళు పెట్టిందే. జిగురు పనిలో చేతులకే గాని నోటికి పనుండదు. అందరికీ కునుకు పట్టకుండా ఆమె దెయ్యాల కథలు చెప్పేది. వాటిని కాగితం మీద పెట్టమని పోరింది పక్క బల్ల దగ్గర పనిచేసే వదిన. పోరి ఊరుకోలేదు, తనే తీసుకెళ్ళి పోస్టులో వేసింది. మొదటి కథ అచ్చయిన వారం పత్రిక ఏ కొట్లోనూ మిగల్లేదు.

రెండో కథ వదిన చదవలేదు. అది వదిన కథే. భోజనాల వేళ సరుకు బయటికి పోతుందన్న అనుమానంతో గోదాముకు బయట తాళం వేయడం ఆ కార్ఖానా అలవాటు. ఒకరోజు లోపల వదిన ఉండగా నిప్పంటుకుంది. తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంది. సూపర్‌వైజర్ ఇంట్లో భోంచేస్తున్నాడు.

అప్పట్నుంచి అన్నయ్య ఇంటి తలుపుకు గడియ పెట్టనివ్వడు. చలిగాలి కొడుతున్నా బార్లా తెరిచే ఉంచుతాడు. గాలి వీచినప్పుడల్లా ఎవరో లోపలికొచ్చి తన పక్కన చోటు చూసుకుంటున్నట్టే ఉంటుంది కథలక్కకు. కార్ఖానాలో పుకారు ఇంకోటి. ఆ రోజు తలుపు బిగించింది దెయ్యమేనని, ఇప్పుడు వదినా దానితో కలిసి గోదాములో తిరుగుతోందని. ఆ పుకారు యజమానికి భలే నచ్చింది.

పత్రిక ఆఫీసులో సంపాదకుడు పెద్దాయన, మాటకారి. కుర్చీ చూపించి, టీ తెప్పించి, ఆమె పంపిన రెండో కథ కంటతడి పెట్టించిందన్నాడు. ఒక్క ముగింపే మార్చాలట. తాళం మనిషి వేస్తే వార్త, దెయ్యం వేస్తే కథ అట. ఆఖర్న వదిన కూడా దెయ్యమై తిరిగితే ఇక తిరుగే లేదట. మార్చి ఇస్తే ఏడాది పాటు సీరియల్ ఆమెదే, జిగురు పని మానేయొచ్చు. పత్రిక వెనక అట్ట మీద ప్రతి వారం ఆ కార్ఖానా ప్రకటనే ఉంటుందన్న సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. ఆమెకు తెలుసు.

"మీ వదినకి పోయేదేముందమ్మా? పోయినవాళ్ళు తగాదాకి రారుగా."

కథలక్క కప్పు కింద పెట్టింది. "మా వదిన బతికుండగా పిల్లిని కూడా అదిలించి ఎరగదండీ. చచ్చాక ఆవిడకి దెయ్యం ఉద్యోగం నేను వేయించలేను."

ఆయనకు కోపం రాలేదు. సీరియల్ కోసం పదిమంది కాచుకుని ఉన్నారని మాత్రం గుర్తుచేశాడు. ఆమె తన కాగితాలు తీసుకుని లేచింది.

సాయంత్రం గంట వేళకు కార్ఖానాకే తిరిగొచ్చింది. ఆడవాళ్ళంతా కుళాయి చుట్టూ చేరి చేతుల మీది జిగురు గీక్కుంటున్నారు. కొత్త కథా అని ఒకత్తె అడిగింది.

"దెయ్యం ఉందా అక్కా?"

"లేదే. అందరూ మనుషులే."

నిలబడే చదవడం మొదలుపెట్టింది. వదిన గోదాములోకి వెళ్ళేసరికి గీకే చేతులు ఆగాయి. పొగ వచ్చేసరికి ఎవరో కుళాయి కట్టేశారు. ఆ నిశ్శబ్దానికి సూపర్‌వైజర్ వచ్చి వెనక నిలబడ్డాడు. ఏంటీ గుంపని ముందుకు తొంగిచూశాడు.

కథలక్క కాగితం తిప్పింది. అతగాడు వచ్చేది ఈ పుటలోనే.