పటంలో పారే వాగు

మాస్టారు పోయి నెల తిరక్కుండానే, ఊరి వెనక కొండ దిగే వాగుకు ఆయన పేరు పెట్టాలని కాలేజీ భూగోళశాస్త్ర విభాగం సమావేశం పెట్టింది. ఆ వాగును మొదట పటంలో గీసింది ఆయనే. ఆ పటమే ఆయన్ను పెద్దవాణ్ణి చేసింది. బడిలో పాఠాలు చెప్పుకునే నన్ను, శిష్యురాలినని పిలిచి, తీర్మానాన్ని బలపరచమన్నారు.

చిక్కేమిటంటే, ఆ వాగు లేదు.

ఇరవై రెండేళ్ల క్రితం మాస్టారి దగ్గర పరిశోధన చేస్తూ, దాని పుట్టుక వెతుక్కుంటూ కొండెక్కాను. నీళ్ల ట్యాంకు నుంచి దిగే పాత పైపు, దానికో అతుకు కనిపించాయి. మాస్టారు సర్వే చేసిన ఏడాది అది పగిలి కారేదని పంపు ఆపరేటరు చెప్పాడు. తర్వాత బాగుచేశారు. వాగు పోయింది.

వెళ్లి చెప్పాను. మాస్టారు కళ్లజోడు తీసి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

“పైపుకి పిల్లకాలువ కూడా గీశాను కదమ్మా! రాసెయ్, థీసిస్‌లో రాసెయ్.”

గురువు పరువు పోతుందని రాయలేదు. ఆ అధ్యాయం తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో “ఇది భూగోళమా, భజనా?” అని ఉంది. రాసేదాకా ఆయన సంతకం పెట్టలేదు. రాశాను. ఆ థీసిస్‌ను మేమిద్దరం తప్ప ఎవరూ చదవలేదు, పరీక్షకులతో సహా.

సమావేశంలో మాస్టారి భార్య ముందు వరుసలో కూర్చున్నారు. నెల రోజుల్లో ఆవిడ మొహం కాస్త తేటపడింది ఆ పూటే. ఇలాంటి చిక్కులొస్తే మాస్టారినే అడిగేదాన్ని. అడగడానికి ఆయన లేరు.

“కానివ్వండి మేడమ్, రెండు ముక్కలు” అన్నారు విభాగాధిపతి.

రెండే చెప్పాను.

“అది వాగు కాదు. పైపు లీకు.”

“ఇలాంటప్పుడు జోకులేమిటి మేడమ్?”

థీసిస్‌లో పేజీ నంబరు చెప్పాను. నా పరీక్షకుల్లో ఆయనొకరు.

అమ్మగారు నన్నే చూస్తున్నారు.

“రిటైరయ్యాక ఆ వాగు చూపిస్తానని నన్ను కొండంతా తిప్పారు. తీరా పైకెళ్తే, ‘ఎండాకాలం కదా, ఇంకిపోయింది’ అన్నారు. అప్పటికి ఆయనకి తెలుసా?”

తెలియదంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“తెలుసమ్మా.”

ఆవిడ ఒళ్లో చేతిసంచి సర్దుకున్నారు. చాలాసేపు సర్దుకున్నారు.

“కాళ్లు బొబ్బలెక్కి వారం రోజులు మంచం దిగలేదు నేను. పక్కన కూర్చుని మందు రాస్తూ కూడా నోరు విప్పలేదు, మహానుభావుడు!”

అని నవ్వడం మొదలుపెట్టారు. విభాగాధిపతి కంగారుగా మంచినీళ్ల గ్లాసు అందించారు. అది చూసి ఇంకా నవ్వారు.

తీర్మానం కాగితాన్ని విభాగాధిపతి మడిచి పెట్టేశారు. మెట్ల దగ్గర ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు.

“ఆదివారం నీకు సెలవేగా? ఆ పైపైనా చూపించు.”

“కొండ బాగా నిటారమ్మా.”

“నాకు చెప్తున్నావా?”

ఎండెక్కకముందే వస్తానన్నాను.