బయటి గడియ

వడ్రంగి పనిముట్ల పెట్టె దించి కూతురి పడకగది వైపు చూశాడు. తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని వియ్యపురాలు బటాణీలు ఒలుస్తోంది.

“రండి అన్నయ్యగారూ. మీరుండగా పైవాళ్లెందుకని కబురు చేశాను. ఈ గడియ ఊడిపోయింది, కాస్త బిగించి పెట్టండి.”

గడియ ఉండాల్సిన చోటు చూశాడు. అది తలుపుకి బయటివైపు, హాల్లో ఉంది.

“అమ్మాయేది చెల్లెమ్మా?”

“లోపల పడుకుంది. తలనొప్పట. లేపకండి.”

ఆమె కుర్చీ జరిపింది గానీ పెద్ద దూరం జరపలేదు. అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. మనుషుల సంగతిలో అతను వట్టి మొద్దు. చెక్క విషయంలో మాత్రం ఆవలించకముందే పేగులు లెక్కపెడతాడు. నాలుగు కన్నాల చుట్టూ చెక్క బయటికి పెచ్చులు లేచి ఉంది. లోపలినుంచి ఎవరో పదేపదే భుజంతో గుద్దితే తప్ప అలా లేవదు.

“ఎలా ఊడిందమ్మా?”

“గాలికి.”

నాలుగు స్క్రూలు పెకలించిన గాలి ఇంటి పైకప్పునెందుకు వదిలేసినట్టు? అడగలేదు. పని చెప్పినవాళ్లకి రెండో ప్రశ్న వెయ్యకూడదని ముప్పై ఏళ్లుగా అతని నియమం. సంబంధం కుదిరినప్పుడూ వెయ్యలేదు. మూడు నెలల కిందట కూతురు ఫోన్ చేసి, “నాన్నా, నేనిక్కడ ఉండలేను” అంటే, “కొత్త కాపురం పచ్చి చెక్కలాంటిదమ్మా, ఆరేదాకా కిర్రుమంటుంది, సర్దుకుపో” అన్నాడు. ఆ మాట తనకే తెగ నచ్చి భార్యకి కూడా చెప్పుకున్నాడు. మళ్లీ ఫోన్ రాలేదు.

“నాన్నా?”

గొంతు తలుపుకి ఆనుకునే ఉంది. పడుకున్న మనిషి గొంతు కాదది.

“ఆఁ తల్లీ, నేనే.”

“మీ అలికిడికి లేచేసింది చూశారా? కానివ్వండి,” అంది వియ్యపురాలు, గింజలమీంచి చూపు తిప్పకుండా.

అతను పొడవు స్క్రూలు పెట్టెలోనే వదిలేసి, ఫోటో ఫ్రేములకి వాడే పొట్టివి నాలుగు తీశాడు. ఒక్కొక్కటీ ఐదు తిప్పులకే ఆగిపోయింది. కూతురు అతని షెడ్డులో కూర్చుని చదువుకున్న పిల్ల. స్క్రూ ఎంత లోతు దిగిందో చెవితోనే చెప్పేసేది. ఇవాళ కూడా వింటోందని అతని ఆశ.

“అమ్మాయ్, ఒకసారి తోసి చూడు,” అంది అత్తగారు.

తలుపు కొద్దిగా కదిలింది. గడియ నిలిచింది. పిల్ల చెయ్యి ఆనించిందే గానీ తొయ్యలేదని అతనికి తెలిసింది. వింది, తిప్పులు లెక్కపెట్టుకుంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. వీలు చూసుకుని తనే బయటపడుతుంది. తనొక్క మాటా అనక్కర్లేదు, ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. పెట్టె మూసి లేచాడు.

“బాగా కుదిరింది. మా అబ్బాయి కూడా చూస్తాడులెండి,” అంది వియ్యపురాలు. “ఎవరు బిగించినా సరే, వాడు ఊడదీసి, స్క్రూలు చూసుకుని, మళ్లీ బిగిస్తే గానీ నిద్రపోడు. వచ్చేస్తున్నాడు, దారిలోనే ఉన్నాడు.”

వడ్రంగి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పెట్టె కింద పెట్టి, తలుపు మీద అరచెయ్యి ఆనించాడు.

“తల్లీ, నాన్న ఇక్కడే ఉన్నాడు. ఇంక సర్దుకోవద్దు. గట్టిగా తొయ్యి.”

“అన్నయ్యగారూ!”

అతను పక్కకి తప్పుకున్నాడు. గడియ ఎగిరి గచ్చు మీద పడింది. ఆ కంగారులో బటాణీల గిన్నె బోర్లాపడి గింజలు హాలంతా దొర్లాయి. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఆమె కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారి ఉంది.

వీధిలో బండి ఆగింది. వడ్రంగి పెట్టెలోంచి సుత్తి తీసుకుని కూతురి ముందుకొచ్చి నిలబడ్డాడు.