వంకాయరంగు మఫ్లర్ మొర

నేను ఒక మఫ్లర్‌ని. ఇప్పటికి నాలుగుసార్లు మఫ్లర్‌నయ్యాను, మూడుసార్లు మళ్లీ ఊలుండనయ్యాను. ఇలాంటి బతుకు పగవాడి మెడలోని కండువాకి కూడా వద్దు.

నర్సాపురం దగ్గర ఒక ఊళ్లో, లేసు అల్లే మంగతాయారు చేతిలో పుట్టాను. ముప్పై ఏళ్లుగా సన్నదారంతో, ఒకే సూదితో టేబుల్ గుడ్డలు అల్లిన మనిషి ఆమె. ఊలు ముట్టడం అదే మొదలు. కారణం స్నేహితురాలు సువార్త. ఇద్దరూ ఒకే అరుగు మీద లేసు అల్లినవాళ్లు. ఒకరు అల్లింది రెండోవాళ్లు వెలుతురుకి పట్టి చూసి, తిట్టి, తప్పు దిద్దించాకే లేసు కొనే ఏజెంటుకి ఇచ్చేవాళ్లు. మెచ్చుకోవడమన్నది వాళ్ల మధ్య లేదు.

సువార్తకి లంబసింగి కొండమీద ఆడపిల్లల హాస్టల్లో వంటపని దొరికింది. ఆమె కుడి చెవికి అప్పుడే ఆపరేషనైంది. చలిగాలి తగిలితే మళ్లీ చీము పడుతుందని, ఈసారి వినికిడే పోవచ్చని డాక్టరు హెచ్చరించాడు. ప్రయాణానికి పది రోజులుంది. తాయారు వంకాయరంగు ఊలు కొంది. రెండు సూదులతో అల్లడం ఫోనులో చూసి నేర్చుకుంది.

మొదటిసారి బెల్టులా బిగిసిపోయాను. విప్పింది. రెండోసారి జానెడు వెడల్పుతో మొదలై మూరెడుకి తేలాను. అల్లుతున్నంతసేపూ పక్కింటావిడతో కబుర్లు మరి. విప్పింది. మూడోసారి కుదిరాను. దుప్పటిలా మందంగా, చీమకి కూడా దారి లేకుండా. ఆమె అలవాటుగా నన్ను వెలుతురుకి పట్టింది. అవతల ఏమీ కనిపించలేదు.

"ఛీ, గోనెసంచిలా ఉంది. నా చేతి పనంటే సువార్త నవ్విపోద్ది," అని అదీ విప్పేసింది.

అప్పటికి మూడు రోజులే మిగిలాయి. లేసు చెయ్యి ఊరుకుంటుందా? వరసకో పువ్వు, పువ్వుకి ఆరు రేకలు, రేకకో కన్నం. అందంగానే ఉన్నాను. కానీ మఫ్లర్‌ని కాదు, జల్లెడని. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తట్టలేదు. బస్సు కదులుతుండగా కిటికీలోంచి నన్ను సువార్త ఒళ్లో పడేసింది తాయారు.

కొండమీద మొదటి తెల్లవారుజామునే గాలి నాలోంచి దర్జాగా నడిచి సువార్త చెవిలో దూరింది. ఆమె ఉలిక్కిపడి తువ్వాలు చుట్టుకుని, దానిమీద నన్ను చుట్టుకుంది. అంటే నేను నగని! వంద మందికి ఉప్మా తిప్పుతుంటే తువ్వాలు జారిపోయేది, నేను మాత్రం సిగ్గులేకుండా మెడలో ఉండేదాన్ని. నాలుగో రోజుకి చెవి పోటు మొదలైంది. ఆ సాయంత్రం ఫోను మోగింది.

"ఏమే, వెచ్చగా ఉందా?"

"భలే ఉందే తాయారూ. ఎంత బాగా అల్లావో!"

తాయారు గొంతు ఒక్కసారిగా లేచింది.

"నువ్వు నన్ను మెచ్చుకున్నావా? ముప్పై ఏళ్లలో ఎప్పుడైనా మెచ్చుకున్నావా? నిజం చెప్పు, గాలెక్కడ దూరతంది?"

"...అన్నిచోట్లా."

"చెవి?"

"కొంచెం లాగతంది."

"కొంచెమంటే?"

సువార్త తువ్వాలు ఇంకో చుట్టు బిగించుకుంది.

"బుద్ధిలేనిదానా! నీకన్నా బుద్ధిలేనిదాన్ని నేను. రేపు బస్సెక్కుతున్నా. దాన్ని ముట్టుకోకు, నేనే విప్పుతా."

వచ్చింది. రాగానే సువార్తని చింతపల్లి ఆసుపత్రికి లాక్కెళ్లింది. చీము పట్టలేదు, ఇకమీద గాలి తగిలితే మాత్రం పూచీ లేదన్నారు.

ఇప్పుడు హాస్టల్ వరండాలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. తాయారు నన్ను లాగుతోంది, సువార్త ఉండ చుడుతోంది. నా పువ్వులు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి.

"ఈసారి పువ్వు పెట్టావో, నీ చేతులు విరిచేస్తా."

"నోర్మూసుకుని చుట్టు. ముడులు పడతన్నాయి."

నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ ఒక్క మాట, బాగోలేదన్న మాట, మొదటి రోజే ఫోను చేసి చెప్పి ఉంటే ఈ చెవిపోటు తప్పేది కదా! తిట్టుకోవడానికి ముప్పై ఏళ్లుగా మొహమాటపడని మనుషులు, బహుమతి అనేసరికి అబద్ధమాడతారు.

కొండ దిగువనుంచి గాలి లేచింది. తాయారు లాగడం ఆపలేదు. ఎడమచేత్తో తన చీర కొంగు తీసి సువార్త కుడి చెవికి అదిమిపెట్టింది, కుడిచేత్తో నన్ను లాగుతూనే ఉంది.

ఇంకా మూడు వరసలున్నాను. రెండు.

ఒకటి.