చదవని చీటీ

శుక్రవారం అంటే యాదలక్ష్మికి రెండు పనులు. తెల్లారి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులో బత్తాయిలు ఏరడం, పదకొండింటికి కొత్తపేట గల్లీలోని ప్రార్థన మందిరంలో చీటీల డబ్బా తెరవడం. మొదటి పనిలో ఆమెది తిరిగిన చెయ్యి. కాయను అరచేతిలో ఒక్కసారి దొర్లిస్తే చాలు, మంచిదో మచ్చదో చూడకుండానే చెప్పేది. మంచివి ముందున్న కుప్పలోకి, మచ్చవి వెనకున్న గంపలోకి పోయేవి. ఇరవై ఏళ్లుగా ఇదే పని కాబట్టి ఇంట్లో కూరగాయలు తరిగేటప్పుడు కూడా ఆ చెయ్యి వెనక్కి పోతూ ఉండేది.

మందిరం అంటే గోపురం, గంట ఊహించుకోవద్దు. పాండురంగం ఇంటి కింది భాగమే మందిరం. పొలాలు ప్లాట్లయిపోయాక ఆయన ఇల్లు కట్టుకుని, కింద గోదాముకు పనికొస్తుందని షాబాదు బండలు పరిపించాడు. గోదాముకు ఎవరూ రాలేదు, గోపయ్య పాస్టరు వచ్చాడు. ఆ బండలకు ఒక గుణం ఉండేది. మనసులో ఉన్నదే నోటితో చెప్పి ప్రార్థించేవాళ్ల మోకాళ్ల కింద అవి తడిపిన పిండిలా మెత్తబడేవి. లోపల ఒకటి, బయట ఒకటి అయితే బండ బండలాగే ఉండేది. పడిన గుంతలు మర్నాటికల్లా వాటంతటవే పూడేవి. నేల పాడవుతోందని పాండురంగం మొదట్లో కొన్నాళ్లు గొణిగి ఊరుకున్నాడు. ఆయన భార్య మణెమ్మ పైన దేవుడి గూట్లో దీపం పెట్టి, మనవడు ప్రణీత్‌కు పరీక్షలున్న రోజుల్లో కిందికి కూడా వచ్చి ఓ మూల మోకరించి పోయేది. ఆమె కింద కూడా బండ మెత్తబడేది.

ఆదివారాల్లో మాత్రం సగం మంది తుండుగుడ్డ మడిచి మోకాళ్ల కింద వేసుకునేవాళ్లు. ఎందుకని ఎవరూ అడగకపోవడం అక్కడి మర్యాద. గోపయ్య పాస్టరు ఎప్పుడూ వేదిక మీది తివాచీ పైనే మోకరించేవాడు. ఆయన సంగతి దేవుడికే తెలియాలి.

బాప్తిస్మమప్పుడు యాదలక్ష్మికి మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ ఆ పేరుతో ఎవరు పిలిచినా ఆమె పలికేది కాదు. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి భర్త లింగస్వామితో వచ్చి, ఆయన మార్కెట్టులో మూటలు మోస్తుంటే ఆమె కాయలేరడానికి కుదిరింది. నలభై ఏళ్లొచ్చే దాకా అక్షరం ముక్క రాదు. ఆమెకు పలక మీద అ ఆలు దిద్దించింది ఇందిరాదేవి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్.బి. నగర్‌లో స్థిరపడిన రిటైరైన టీచరు. రెండేళ్లు, వారానికి మూడు రోజులు, విసుక్కోకుండా నేర్పింది. యాదలక్ష్మి మొట్టమొదట చదివింది టీచరమ్మ గుండ్రటి చేతిరాతనే. ఆ చదువు చూసే పాస్టరు ఆమెకు చీటీల డబ్బా అప్పగించాడు. మనవులు రాసి డబ్బాలో వేస్తే, శుక్రవారం ఉపవాస కూడికలో ఆమె ఒక్కొక్కటే పైకి చదివేది, అందరూ మోకరించేవాళ్లు. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు యాదలక్ష్మి మెడ కొంచెం నిటారుగా ఉండేది. అంత మాత్రం గర్వం ఎవరికుండదు.

ఆ ఏడాది ఊరంతా తెలంగాణ మాటే. జనవరి చివర్లో యాదలక్ష్మి తన చీటీ తనే రాసుకుంది. తెలంగాణ రావాలని, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కూతురు జ్యోతికకు నౌకరీ దొరకాలని. అది చదివినప్పుడు కొందరు గట్టిగా ఆమెన్ అన్నారు, కొందరు నేల చూపులు చూశారు. ఇందిరాదేవి లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లింది. నీళ్ల కుండ బయట ఉంది, వెళ్లి తాగి వచ్చింది, అంతే. నిజంగా దాహమే వేసిందేమో. కానీ యాదలక్ష్మికి ఆ వెళ్లిన వీపు వారమంతా కళ్లముందు ఆడింది. అక్షరాలు నేర్పిన మనిషే ఆ అక్షరాలతో రాసిన మొదటి కోరికకు వీపు చూపించిందని కుమిలింది.

తర్వాతి శుక్రవారం డబ్బాలో ఎనిమిది చీటీలున్నాయి. అయిదో చీటీ గుండ్రటి చేతిరాతలో ఉంది. యాదలక్ష్మి దాన్ని లోపలే చదువుకుంది. ఆమె చెయ్యి ఎప్పటిలాగే వెనక్కి పోయింది, చీటీ బైబిలు అట్ట లోపలికి దూరింది. ఆరో చీటీ తీసి చదివింది. ఇదంతా కాయ దొర్లించినంత సేపట్లో అయిపోయింది.

సోమవారం బంద్. గుంటూరు నుంచి వస్తున్న ప్రైవేటు బస్సు మీద ఎల్.బి. నగర్ చౌరస్తాకు ఇవతల ఎవరో రాళ్లు వేశారు. ఎవరు వేశారో ఎన్నడూ తేలలేదు. కిటికీ పక్కన కూర్చున్న చక్రపాణికి, అంటే ఇందిరాదేవి ఒక్కగానొక్క కొడుక్కి, అద్దం పెంకు కుడికంట్లో దిగింది. చైతన్యపురి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. కన్ను పోయింది. ఇందిరాదేవి మందిరానికి రావడం మానేసింది. కొడుకు సేవలో తీరిక లేదు కాబోలని అందరూ అనుకున్నారు, యాదలక్ష్మి తప్ప.

ఆ వారం నుంచి యాదలక్ష్మి మోకాళ్ల కింద బండ కరగలేదు. ఆమె కూడా తుండుగుడ్డ తెచ్చుకోసాగింది. ఎవరూ అడగలేదు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలయ్యాక లింగస్వామికి జ్వరం వచ్చింది. మూడో రోజుకు మాట తడబడింది, నాలుగో రోజు మూటల మధ్యే పడిపోయాడు. జ్వరం మెదడుకెక్కిందన్నారు దవాఖానాలో. మందులు ఇస్తున్నామని, ఇక మనిషి లేవడం వాళ్ల చేతుల్లో లేదని చెప్పారు. బండెడు మూటలు దింపిన మనిషి మంచం మీద కళ్లు మూసుకుని, నోట్లో పోసిన నీళ్లు మింగడం కూడా మరిచిపోయాడు.

గోపయ్య పాస్టరు ఎన్నోసార్లు చెప్పిన బోధ యాదలక్ష్మికి కంఠతా వచ్చు. కష్టమొస్తే ప్రార్థన చెయ్యాలి, సంతోషమొస్తే పాట పాడాలి, జబ్బు చేస్తే సంఘం పెద్దలను పిలిచి నూనె రాయించాలి. డాక్టరు రాసిన చీటీ లెక్కన ఆమె అన్నీ వరుసగా చేసింది. పెద్దలొచ్చి లింగస్వామి నొసట నూనె రాశారు. నూనె జారి దిండు తడిసింది. రోజూ మధ్యాహ్నం మందిరానికి పోయి తుండుగుడ్డ తీసి పక్కన పడేసి మోకరించింది. మోకాలి చిప్పలు పగిలి రక్తం కారినా బండ కొంచెం కూడా లొంగలేదు. ఆరో రోజు కడుపులోంచి ఏడుపు వచ్చింది గానీ దేవుడి పేరు రాలేదు. ఆ బోధలో నాలుగో మాట కూడా ఒకటుంది. ఒకరి తప్పు ఒకరితో ఒప్పుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలని. పాస్టరు ఎప్పుడూ దాన్ని గబగబా దాటించేసేవాడు, వినేవాళ్లకూ అదే హాయిగా ఉండేది.

ఏడో రోజు, గురువారం, ఆమె నడిచి ఎల్.బి. నగర్ బయల్దేరింది. బస్సుల్లేవు, ఆటోలూ ఆ రోజు బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పోయే పెద్ద రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. ఎవరో ఆడమనిషి ఆకులో అన్నం పెట్టి తిని పొమ్మంది. ఉపవాసమని చెప్పి కదిలింది యాదలక్ష్మి. తను చీటీ రాసుకున్న కోరిక రోడ్డంతా పరుచుకుని కళ్లముందు ఉడుకుతుంటే, ఆమెకు ఏమీ అనిపించలేదు. అన్నం వాసన కూడా తెలియలేదు.

తలుపు చక్రపాణి తీశాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. తల కొంచెం పక్కకు తిప్పి ఎడమకంటితో చూసి, "అమ్మా, యాదలక్ష్మి గారొచ్చారు" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఇందిరాదేవి కూర్చోమనలేదు. యాదలక్ష్మి గుమ్మంలోనే నిలబడింది.

"టీచరమ్మా, బంద్ ముందర శుక్రారం నువ్వేసిన చీటీ నేను చదవలే. మచ్చకాయ పక్కకేసినట్టు ఏసిన."

"తెలుసు."

యాదలక్ష్మి తలెత్తింది.

"నా రాత నీకంటే బాగా ఎవరు గుర్తుపడతారు?" అంది ఇందిరాదేవి. "కూడిక అయిపోయేదాకా చూశాను. చివర్లో చదువుతావేమో అనుకున్నాను."

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"అడిగితే, అవును, కావాలనే చదవలేదు అంటావేమోనని భయమేసింది."

లోపల చక్రపాణి ఏదో పట్టుకోబోయి జార్చిన చప్పుడైంది. ఇందిరాదేవి ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది.

"ఇన్ని నెలలు లేనిది ఇవాళెందుకు గుర్తొచ్చింది? మీ ఆయనకు బాగాలేదని విన్నాను. దానికోసమా?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా యాదలక్ష్మికి లేదు. "గందుకే," అంది. "ఆయన మంచిగుంటే నేను ఇయ్యాల గూడ రాకపోతుంటి."

ఇందిరాదేవి చాలాసేపు ఆమె మోకాళ్ల దగ్గర చీర మీద అంటిన మరకలు చూసింది. ఆ చీటీ ఇంకా ఉందా అని అడిగింది. బైబిలు అట్టలోనే ఉందని చెప్పింది యాదలక్ష్మి. "పారెయ్యకు" అని తలుపు వేసుకుంది ఇందిరాదేవి. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. యాదలక్ష్మి దారంతా ఆ మూసిన తలుపునే తలుచుకుంటూ దవాఖానాకు నడిచింది.

మర్నాడు కూడికకు పదిమందే వచ్చారు. భర్త దగ్గర జ్యోతికను కూర్చోబెట్టి యాదలక్ష్మి కూడా వచ్చింది. డబ్బా తెరిస్తే లోపల ఒక్క చీటీ లేదు. మూత వెయ్యబోతుండగా గుమ్మంలో నల్లద్దాలు కనిపించాయి. కొడుకు చెయ్యి పట్టుకుని, ఎల్.బి. నగర్ నుంచి ఎండలో నడిచొచ్చింది ఇందిరాదేవి. కొడుకును గుమ్మం దగ్గరే ఆపి, తను వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

"చదువు యాదలక్ష్మీ," అంది.

యాదలక్ష్మి బైబిలు అట్టలోంచి చీటీ తీసింది. మడతల దగ్గర కాగితం చిరిగింది. ఇది ఫిబ్రవరిలో చదవాల్సిన చీటీ అని, తనే దాచానని అందరికీ వినపడేలా చెప్పి, చదివింది.

"సోమవారం మా అబ్బాయి చక్రపాణి గుంటూరు నుంచి బస్సులో వస్తున్నాడు. బంద్ అంటున్నారు. వాడు క్షేమంగా ఇల్లు చేరాలని ప్రార్థించండి. ఇందిరాదేవి."

అందరికంటే ఎక్కువ పాస్టరే ఇరుకునపడ్డాడు. కష్టానికి, సంతోషానికి, జబ్బుకు ఏం చెయ్యాలో ఆయన చెప్పగలడు. రోజు దాటిపోయిన ప్రార్థనను ఏం చేసుకోవాలో ఆయన ఏ బోధలోనూ వినలేదు. కాసేపు తివాచీ కేసి చూసి, వేదిక దిగి, మొదటిసారి బండ మీద మోకరించాడు. అబ్బా అన్నాడు. అయినా లేవలేదు.

యాదలక్ష్మి తుండుగుడ్డ లేకుండానే మోకరించింది. ఇందిరాదేవి కూడా మోకరించింది.

"ప్రభువా, ఈమె భర్త బతకాలని నాకు లేదు. నీ దగ్గర అబద్ధమాడలేను, లేదు. కానీ నేను కూర్చున్నట్టు ఇంకొక ఆడది కూర్చోకూడదు. నేను అంతవరకే అడగగలను. ఆయన పేరు లింగస్వామి."

ఆమె కింద బండ దిగింది. మునుపెన్నడూ ఎవరికీ దిగనంతగా, తొడల దాకా దిగింది. పక్క బండ, దాని పక్క బండ మెత్తబడుతూ వచ్చి యాదలక్ష్మి పగిలిన మోకాళ్ల కిందికి చేరాయి. ఎనిమిది నెలల తర్వాత ఆ మెత్తదనం తగలగానే ఆమె బోర్లాపడి ఏడ్చింది. ఆ ఏడుపులో ఆమె నోట భర్త పేరు రాలేదు, చక్రపాణి పేరే వచ్చింది. అప్పుడు ఆమె కొంగున కట్టిన ఫోను మోగింది. అవతల జ్యోతిక మాట్లాడుతోంది. యాదలక్ష్మి విని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అందరికీ చెప్పింది.

"కండ్లు తెరిచిండంట."

వెనక ఎవరో స్తోత్రం అనబోయి నోరు మూసుకున్నారు.

"రెండూనా?" అని అడిగింది ఇందిరాదేవి. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

యాదలక్ష్మి చెవి దగ్గరి ఫోను దించింది. "రెండు, టీచరమ్మా."

ఇందిరాదేవి తలూపింది. బండ గట్టిపడుతోంది, లేవాలి. యాదలక్ష్మి చెయ్యి అందించింది. ఇందిరాదేవి ఆ చేతిని చూసి, కొడుకును పిలిచింది. చక్రపాణి కుడివైపు స్తంభాన్ని చేత్తో తడుముకుంటూ వచ్చి తల్లిని పైకి లేపి తీసుకెళ్లిపోయాడు.

లింగస్వామి రెండు వారాలకు ఇల్లు చేరాడు. కృతజ్ఞత కూడిక పెట్టి పాట పాడదామన్నాడు పాస్టరు. యాదలక్ష్మి నోరు తెరిచింది గానీ పాట రాలేదు, మోకాళ్ల కింద బండ చల్లగా, గట్టిగా ఉంది. ఇందిరాదేవి మళ్లీ రాలేదు. ఆమె మోకరించిన చోట రెండు గుంతలు మాత్రం మర్నాటికి పూడలేదు, ఆ పై వారానికీ పూడలేదు. మణెమ్మ నేల కడిగినప్పుడల్లా వాటిల్లో నీళ్లు నిలిచేవి. యాదలక్ష్మి శుక్రవారం అందరికంటే ముందొచ్చి, వంగి గుడ్డతో ఆ నీళ్లు తీసి, డబ్బా తెరిచేది.