వస్తనే, అవ్వా

బీచుపల్లి వంతెన వంద గజాల దూరంలో ఉందనగా శేఖర్ లారీ ఆపాడు. వెనక టార్పాలిన్ కింద పాన్‌గల్ కూలీలు ఇరవై రెండు మంది. రేపు వాళ్లను చంద్రుడి గనులకు తోలాలని మింటివాళ్ల హుకుం. అక్కడికి పోయినవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆకాశం నుంచి మింటివాళ్లు దిగి రెండేళ్లయింది. వనపర్తి వాళ్ల చేతికి చిక్కింది. కృష్ణ అవతల గద్వాల ఇంకా లొంగలేదు. మధ్యలో వాళ్ల గేటు. దానికి కళ్లు లేవు, చెవులే. వాళ్ల వైపు వస్తున్నానంటే తెరుచుకుంటుంది, విడిచి పోతున్నానంటే కాల్చేస్తుంది. అబద్ధమాడితే గొంతులో వణుకు పసిగడుతుంది. అట్లా ముగ్గురు బూడిదయ్యారు.

"గేటును గుద్దేస్త, రెబెకక్కా. సగం మందిమన్న దాటుతం. నువ్వు మాత్రం నోరు తెర్వకు."

పక్క సీట్లో రెబెకా తలూపింది. మట్టిపనికి పుణె, బొంబాయి తిరిగిన గుంపుకు మేస్త్రి ఆమె. ఇరవై రెండు మందీ ఆమెను నమ్మి ఎక్కినవాళ్లే.

లారీ గేటును సమీపించింది. పక్కన రోడ్డు ఊడుస్తున్న ఎంకమ్మ తలెత్తి చూసింది. మింటివాళ్లు ముసలమ్మను ఆ పనిలో పెట్టారు. రెబెకా ఆరేళ్లప్పుడు, మొదటిసారి వలస పోతూ "పోతున్న అవ్వా" అంటే మూతి మీద చిన్నగా కొట్టింది ఈ ఎంకమ్మే. "పోత అంటరానే పిచ్చిదానా? వస్త అనాలె!" అని ఒడిలో ఉడకబెట్టిన పల్లికాయలు పోసింది.

ఎంకమ్మ చెయ్యెత్తింది. ముప్పై ఏళ్ల అలవాటు, రెబెకా నోరు ఊరుకోలేదు.

"వస్తనే, అవ్వా!"

శేఖర్ కళ్లు మూసుకున్నాడు. గేటు ఒక్క క్షణం విన్నది. కిర్రుమంటూ తెరుచుకుంది.

"తోలురా!"

అవతలి ఒడ్డున కూలీలు దూకి దిగారు. కొందరు ఆంజనేయుడి గుడి వైపు దండం పెట్టారు, కొందరు యేసయ్యకు స్తోత్రం చెప్పారు. రెబెకా మాత్రం వంతెన వైపు తిరిగి చేతులు జోడించింది.

"వణుకు లేకుండ ఎట్ల అబద్ధమాడినవక్కా?" అన్నాడు శేఖర్.

"అబద్ధమెవరాడిన్రు? వస్తనంటి గద. తాళం ఇటియ్యి."

ఖాళీ లారీతో ఆమె గేటు దగ్గరికొచ్చి "వస్తున్న" అంది. తెరుచుకుంది. ఎంకమ్మ చీపురు జారవిడిచింది.

"తిక్కదానా, ఎందుకొచ్చినవే?"

"నువ్వే నేర్పితివి. ఎక్కు, జల్ది!"

ముసలమ్మకు అంతా అర్థమైంది. నవ్వింది.

"గనులకు తోలెటోళ్లల్ల తిరుపతయ్య గుంపు ఇంక నలభై మంది ఉన్నరు. ముందు వాళ్లనెక్కించు. నేనీడ ఉంటెనే గదనే నీ మాట నిజమైతది? ఆఖర్న నన్ను గుంజుకపోదువు, గేటును గుద్దైనా సరే."

రెబెకా ఆమె మట్టి చేతులను కళ్లకద్దుకుంది. లారీ ఎక్కి తాళం తిప్పింది.

గంటలో నలభై మందితో లారీ మళ్లీ గేటు ముందుకొచ్చింది. రెబెకా కిటికీలోంచి తల బయటపెట్టింది. గొంతులో వణుకు లేదు.

"వస్తనే, అవ్వా!"