తవుడికి దక్కినవాడు

ముగ్గురు మగపిల్లలు పురిట్లోనే పోయాక, కోటమ్మ నాలుగోవాణ్ణి చేటలో పడుకోబెట్టి పక్కింటి కన్నమ్మకు చేటెడు తవుడికి అమ్మేసింది. వాడికి తవుడనే పేరూ పెట్టింది. ఆ రాత్రి యముడు రానే వచ్చాడట. గుమ్మంలో తవుడు చూసి ఆయన దున్నపోతు మూతి పెట్టేసిందట. మేత అయ్యేసరికి వచ్చిన పనేమిటో ఇద్దరికీ గుర్తులేదట. కోటమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ దున్నపోతు ఇంకాస్త లావెక్కేది.

ఆ తవుడే పెరిగి పెద్దవాడై, రాయపూర్ దగ్గరి ఉక్కు ఊళ్ళో, వలస కూలీలుండే క్యాంప్ 1 సందుల్లోంచి ఒక ప్రైవేటు ఫౌండ్రీకి పనికి పోయేవాడు. తొంభై రెండు చలికాలంలో, ఎనిమిది గంటల డ్యూటీ కావాలని గేటు ముందు మైకు పట్టుకున్నాడు. "ఇప్పుడు తవుడు భయ్యా" అని పిలవగానే మన తెలుగువాళ్ళు కిసుక్కున నవ్వారు. మర్నాడు అదే గేటు ముందు పేరు మార్చుకున్నాడు. వీరనారాయణ.

"ఎవుడ్రా ఆడు?" అంది కోటమ్మ.

"తెల్లోళ్ళ కాలంలో సోనాఖాన్ జమీందారు, అమ్మా. కరువులో షావుకారి గాదె పగలగొట్టి జనానికి గింజలు పంచినాడు."

"పంచితే ఏటి సేసినారు?"

"రాయపూర్‌లో ఉరి తీసినారు."

"ఉరేసినోడి పేరు మెడకేసుకుంటావా? నిన్ను దాసిన పేర్రా తవుడంటే!"

"యముడికిక్కడ హిందీయే అమ్మా, తెలుగు రాదు," అని నవ్వాడు. కోటమ్మ నవ్వలేదు. "అందరి ముందూ తీసుకున్న పేరు. ఎవుడు పిలిచినా పలుకుతాను," అన్నాడు.

ఆ వారం మైకులో కొత్త పేరు మోగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఒక సాయంత్రం టీకొట్టు బంగార్రాజు వగర్చుకుంటూ వచ్చాడు. "పిన్నీ, నంబరు లేని మోటారు సైకిలు మీద ఇద్దరు, ఫౌండ్రీ సేటు మనుషుల్లా ఉన్నారు. వీరనారాయణ ఇల్లేదని అడుగుతున్నారు. తెలీదన్నాను."

కోటమ్మ బేగి పోయి తవుడు తెచ్చి చేటలో పోసి, కన్నమ్మను గుమ్మంలోకి లాక్కొచ్చింది. "ఇంకోసారి కొనుక్కోవే ఆణ్ణి."

"అంత మీసాలోణ్ణి చేటలో ఎలా పడుకోబెడతావే ఒదినా?" అని కన్నమ్మ ఫక్కున నవ్వి, అంతలోనే ఆగిపోయింది. సందు మొదట్లో మోటారు సైకిలు చప్పుడు. అది వాళ్ళ గుమ్మం దాకా వచ్చి ఆగింది.

వెనక కూర్చున్నవాడు ముఖానికి చుట్టుకున్న మఫ్లరు తీయలేదు. "మాఁజీ, వీరనారాయణ్ యహాఁ రహతా హై?"

"ఆ పేరోడు ఇక్కడ కోయీ నహీ బాబూ. మేరా బేటా తవుడు హై," అంది కోటమ్మ. చేటను గుమ్మానికి అడ్డంగా పట్టుకుంది.

వాళ్ళిద్దరూ ముఖాలు చూసుకున్నారు. ముందువాడు బండి తిప్పబోయాడు.

"మై హూఁ వీరనారాయణ్," అని లోపలి నుంచి కేక. చొక్కా గుండీలు పెట్టుకుంటూ కొడుకు గడప దాటాడు. "కౌన్ హై భయ్యా?"

కోటమ్మ చేతిలోంచి చేట జారింది. తవుడంతా గుమ్మం నిండా ఒలికి, బండి చక్రం కిందికి పోయింది. ఈ వాహనం తవుడు మేసే రకం కాదు.