నదికి వేసిన అతుకు

ఆ నది మా షాపు గుమ్మంలో పాత దుప్పట్ల మూటలా వచ్చి పడింది. మోసుకొచ్చిన పెద్దమ్మ దాని మీదే కూలబడి, "కాసిని మంచినీళ్ళివ్వవే అమ్మడూ," అంది.

పెద్దమ్మ అంటే నాకు చుట్టమేమీ కాదు. ఊరూరా తిరుగుతూ, ఏటా మా టౌన్‌హాల్లో నాలుగు రోజులు సంగీత నాటకం వేసే బృందంలో బట్టల పనంతా ఆవిడదే. మా పిన్ని టైలరింగ్ షాపు టౌన్‌హాలుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. చిరుగులు, ఊడిన హుక్కులు, పోయినేటికీ ఈ ఏటికీ నడుము పట్టకుండా పోయిన లాగులు, అన్నీ మా దగ్గరికే వస్తాయి.

నేను పిన్ని దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆ నాటకాన్ని పదకొండు సార్లు చూశాను. మా పల్లెటూరి బడిలో స్టేజీ అంటే నాలుగు బల్లలు కలిపి వేసిందే. అందుకని మొదటిసారి టౌన్‌హాల్లో దీపాలారి, తెర లేచి, ఒక అమ్మాయి పాడుకుంటూ నది దాటుతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పక్కనున్న పిన్ని మణికట్టు పట్టుకున్నాను. గోళ్ళు దిగిపోయాయని ఇప్పటికీ దెప్పుతుంది.

నది అంటే రెండు పొడవాటి నీలం గుడ్డలు. స్టేజీకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు నిలబడి ఊపుతారు. అవతలి ఒడ్డున చిక్కుకుపోయిన చెల్లెలి కోసం కథానాయిక ఆ రెండు గుడ్డల మధ్య నుంచి నడుములోతు నీళ్ళలో నడిచి వెళ్తుంది. అంతే. మా హాల్లో ఆ నది ఇరవై అడుగులు. పక్క ఊళ్ళో స్టేజీ చిన్నది, పద్నాలుగే. పాట మాత్రం ఎక్కడైనా అంతే పొడుగు. పద్నాలుగు అడుగుల్లో ఇరవై అడుగుల పాట ఎలా నడుస్తుందో ఆ గాయనికే తెలియాలి. తిరిగే నాటకంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అదే.

ఆ గుడ్డలు పద్దెనిమిదేళ్ళ కిందట పెద్దమ్మ కుట్టినవి.

"వ్యాను తలుపులో పడింది," అంది గ్లాసు ఖాళీ చేసి. మూట విప్పితే ముందువైపు గుడ్డ సరిగ్గా నడిమధ్య చిరిగి ఉంది. జానెడు కాదు, మూరెడు. "ఆరింటికి ఆట. మా డైరెక్టర్ ఏమన్నాడో తెలుసా? ఈ గుడ్డలతో ఇంకెన్నాళ్ళు తంటాలు పడతాం, వచ్చే ఊరి నుంచి వీడియో తెర పెట్టేద్దాం, నది దానంతటదే పారుతుంది అన్నాడు. నేను గట్టిగా పోట్లాడితే, సరే, ఇవాళ్టి ఆట చూసి తేలుస్తానన్నాడు."

"తెర వస్తే గుడ్డలూపే ఆ ఆరుగురూ?" అంది పిన్ని.

"కుర్చీలు సర్దుకుంటారు. నేను ఇంటికెళ్ళి మనవడి చొక్కాలకి గుండీలు కుట్టుకుంటాను."

నవ్వుతూనే అంది. కానీ చేత్తో ఆ గుడ్డని చంటిపిల్ల వీపు నిమిరినట్టు నిమురుతోంది. అంతలో నా వైపు తిరిగింది.

"పోయిన నెల మహానగరం వెళ్ళి, ఇదే నాటకం అక్కడి పెద్ద థియేటర్‌లో చూసొచ్చావటగా. మొహమాటపడకు. వాళ్ళ నది ఎలా ఉంది?"

మా అక్క అక్కడ ఆసుపత్రిలో నర్సు. టికెట్ కొనిపెట్టింది తనే. మూడో బాల్కనీలో ఆఖరి వరస, చెయ్యి ఎత్తితే పైకప్పు తగిలేలా ఉంది. పెద్దమ్మ ఈ మాట అడుగుతుందని నాకు తెలుసు. మనదే బాగుంది అని చెప్పేద్దామని నెల రోజులుగా అనుకుంటూనే ఉన్నాను. తీరా అడిగాక ఆ మాట గొంతు దాటలేదు.

"దూరపు కొండలు నునుపు," అంది పిన్ని నా తరఫున.

"దగ్గరికెళ్ళే చూశాను పిన్నీ," అన్నాను. "నునుపుగానే ఉన్నాయి."

పిన్ని చేతిలో టేపు ఆగిపోయింది.

ఇక ఆపుకోలేకపోయాను. అక్కడ వాయిద్యాలవాళ్ళు ముప్పైమంది ఉన్నారనీ, వాళ్ళు కూర్చున్న నేలే లోపలి నుంచి మెల్లగా పైకి లేచిందనీ చెప్పాను. స్టేజీ మీది ఇల్లు ఇల్లంతా గిర్రున తిరిగి పెరడైపోయిందని చెప్పాను. స్టేజీ మధ్యలో నేల తెరుచుకుని నీళ్ళొచ్చాయని చెప్పాను.

"నిజం నీళ్ళు పెద్దమ్మా. మూడో అంతస్తులో ఉన్న నాకు చల్లగాలి తగిలింది. ఒళ్ళు ఝల్లుమంది. ఏడుపొచ్చేసింది. మనుషులు కూడబలుక్కుని ఇంత పని చేయగలరా అనిపించింది."

"అంత బాగుందా."

"అంత బాగుంది."

పెద్దమ్మ ఖాళీ గ్లాసుని గుమ్మం పక్కన పెట్టింది.

"ఏడాది పొడుగునా మూగదానిలా ఉంటావు," అంది పిన్ని పళ్ళు బిగించి. "నోరు తెరవడానికి ఇవాళే దొరికిందటే నీకు?"

"ఉండవమ్మా, చెప్పనీ," అంది పెద్దమ్మ. ఆవిడ మొహంలో కోపం లేదు. డాక్టరు పేషెంటుని అడిగినట్టు అడిగింది. "పాట వినపడిందా?"

ఆలోచించాను. నీళ్ళు రాగానే హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. మొదటి చరణం సగం ఆ చప్పట్లలోనే కొట్టుకుపోయింది. మా టౌన్‌హాల్లో గుడ్డకి ఎవరూ చప్పట్లు కొట్టరు. ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఆ తేడా అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

"సగం వినపడలేదు," అన్నాను.

"ఊఁ. ఇంకా?"

"నీళ్ళు ఒకే రంగులో లేవు. పైనుంచి చూస్తున్నాను కదా, ఒడ్డు దగ్గర లేతగా ఉన్నాయి, నడిమధ్య నల్లగా ఉన్నాయి. ఆ నల్లటి చోటికి ఆ అమ్మాయి వస్తుంటే, మునిగిపోతుందేమోనని కుర్చీ చెయ్యి పట్టుకున్నాను."

చెబుతూ చెబుతూనే నా చూపు మూటలోని చిరుగు మీద ఆగింది.

పిన్ని అప్పటికే నీలం తాన్లన్నీ కిందికి లాగి ఒక్కొక్కటే చిరుగు పక్కన పెట్టి చూస్తోంది. ఏదీ కలవడం లేదు. పద్దెనిమిదేళ్ళ దీపాల వేడికీ ఉతుకులకీ ఆ గుడ్డ ఏ రంగూ కాకుండా పోయింది. "ఇందులో నీలం ఎప్పుడో అలిగి పుట్టింటికెళ్ళిపోయింది," అని విసుక్కుంది. అతుకు కంటపడిందంటే అది అతుకు కాదు, అప్రతిష్ఠ. షాపులో పిన్ని నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

నేను అడుగు అరలోంచి లైనింగు గుడ్డ తీశాను. ముదురు నీలం, దాదాపు నలుపు.

"ఇది వేద్దాం."

"మతి పోయిందా? తెల్ల చొక్కాకి నల్ల మాసిక వేసినట్టుంటుంది. మైలు దూరం నుంచి కనపడుతుంది!"

"కనపడాలి పిన్నీ. అది నదిలో లోతు. చిరుగుకి నాలుగింతలు పెద్దది కోద్దాం. అంచులు తిన్నగా వద్దు, వంకరలు పోవాలి, నీళ్ళలో సిరా పాకినట్టు."

"నా షాపు పరువు ఏమైపోవాలి?"

ఇద్దరం పెద్దమ్మ వైపు చూశాం. ఆవిడ లైనింగు గుడ్డని చిరుగు మీద పరిచి, రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు చికిలించి చూసింది. చాలాసేపు చూసింది.

"పద్దెనిమిదేళ్ళు నడుములోతు నీళ్ళే కుట్టాను," అంది. "కత్తెర ఇలా ఇవ్వు."

కత్తిరించింది ఆవిడ. మిషను మీద కూర్చున్నది నేను. పిన్ని తిడుతూనే దూరం దూరంగా కచ్చా కుట్లు వేసి పట్టి ఉంచింది. "రెండు పొరలు వెయ్యకు. అతుకు బరువైందంటే అల అక్కడే చచ్చిపోతుంది," అని కూడా పిన్నే చెప్పింది. అది నాకు తట్టి ఉండేది కాదు. ఐదుంబావుకి చివరి దారం తెంపాం. పెద్దమ్మ మూట ఎత్తుకుని, రోడ్డు దాటి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

ఆరింటికి హాలు నిండిపోయింది. పిన్నీ నేనూ వెనక తలుపు దగ్గర నిలబడ్డాం. మా పక్కనే డైరెక్టర్, చేతులు కట్టుకుని. ఆటకి ముందు పెద్దమ్మ గాయనిని పిలిచి గుడ్డ చూపించి, "ఇక్కడ లోతు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడువు," అని ఒక్క మాట చెప్పిందట. అది మాకు తరవాత తెలిసింది.

నది వచ్చింది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, అల లేచింది. నేను తల దించేసుకున్నాను. మళ్ళీ ఎత్తాను. లేత గుడ్డ మధ్యలో ఆ నలుపు ఉంది. దాని మీదుగా అలలు వెళ్తున్నాయి, అది మాత్రం ఉన్నచోటే ఉంది. అడుగున ఏదో దాచిపెట్టుకున్నట్టు ఉంది.

ఆ అమ్మాయి పాడుతూ నీళ్ళలోకి దిగింది. మూడడుగులు, నాలుగడుగులు. నలుపు దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగింది. పాట ఆగలేదు. కాలు ముందుకి జాపి అడుగు వెతికింది. అప్పుడు మోకాళ్ళు వంచింది.

నీళ్ళు ఆమె ఛాతీ దాకా వచ్చాయి. మెడ దాకా వచ్చాయి. పదకొండు సార్లలో నేనెప్పుడూ చూడనిది అది. నల్లటి నీళ్ళ మీద మొహం ఒక్కటే మిగిలింది. గొంతు సన్నగా దారంలా అయిపోయింది. తెగలేదు. గుడ్డలూపే ఆరుగురూ అది చూసి చేతుల వేగం తగ్గించారు. వాళ్ళకెవరూ చెప్పలేదు. హాల్లో ఒక్క దగ్గు లేదు. ముందు వరసలో ఎవరో ముసలాయన "అమ్మో" అన్నది వెనక తలుపు దగ్గరున్న మాకు కూడా వినపడింది. అది నేను కుట్టిన గుడ్డే అనీ, కింద ఉన్నది చెక్క నేలే అనీ నాకు తెలుసు. అయినా ఆమె బయటికొస్తుందా రాదా అని వణికిపోయాను.

వచ్చింది. భుజాలు, నడుము, మోకాళ్ళు. ఒడ్డెక్కి చెల్లెల్ని కావలించుకుంది. అప్పుడు గానీ చప్పట్లు మొదలవలేదు.

డైరెక్టర్ కట్టుకున్న చేతులు ఎప్పుడు విప్పాడో నేను చూడలేదు. స్టేజీ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "ఆ గుంట ముందు నుంచీ ఉందా?"

"లేదండీ. ఇవాళ మధ్యాహ్నమే తవ్వాం," అంది పిన్ని.

ఆయన తలూపాడు. "రేపూ ఉండాలి. అన్ని ఊళ్ళలోనూ ఉండాలి. పెద్దమ్మతో చెప్పండి." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "వద్దులెండి. నేనే చెబుతాను."

ఆయన స్టేజీ వెనక్కి వెళ్తుంటే పిన్ని గొంతు సవరించుకుంది. "ఏమైనా అను, అతుకు కనపడుతోంది," అంది.

నా మణికట్టు పిన్ని గుప్పిట్లోనే ఉంది. గోళ్ళు దిగిన చోట మంటగా ఉంది.